ఫిల్టరు పెట్టాల్సింది మా బోరు దగ్గర కాదు, మీ పైపు మూతి దగ్గర

పరిశ్రమల పక్కన ఉన్న ఊళ్ల రైతులు నీళ్లు పాడైపోయాయని అడిగినప్పుడల్లా ఒకే జవాబు వస్తోంది: "ఊరికో ఫిల్టరు ప్లాంటు పెట్టిస్తాం." ఒక షెడ్డు వేస్తారు. అందులో రెండు నిలువు ట్యాంకులు, ఒక మోటారు, నాలుగు నల్లాలు బిగిస్తారు. రిబ్బను కత్తిరించి ఫొటో దిగి వెళ్లిపోతారు. ఆ రోజుతో ఆ ఊరి నీటి సమస్య తీరిపోయినట్టు ఫైలులో రాసుకుంటారు. వాగులో కలిసే పైపు మాత్రం అలాగే పారుతూ ఉంటుంది.

మేము ఫిల్టర్లకు వ్యతిరేకం కాదు. విషం కలిసిన నీళ్లు తాగుతున్న ఇంటికి ఈ పూట మంచినీళ్లు అందాల్సిందే. అయితే భార లోహాలను పట్టే ఫిల్టరు ఏం చేయగలదో, ఏం చేయలేదో రైతుకు తెలియాలి. తెలియకపోతే బిందెడు మంచినీళ్లు చూపించి ఎకరాల కొద్దీ పొలాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఈ ఫిల్టరు ఎలా పనిచేస్తుంది?

నీళ్లలో కరిగిపోయిన లోహం బట్టతో వడకట్టినా పోదు, ఇసుకలో వడకట్టినా పోదు, కాచినా పోదు. కాస్తే నీరు ఆవిరైపోయి లోహం ఇంకా చిక్కబడుతుంది. అందుకే లోహాన్ని తమ ఒంటికి అంటించుకునే గుళికలను నిలువు ట్యాంకులో నింపి, వాటి మధ్య నుంచి నీళ్లు మెల్లగా పోనిస్తారు. ఆర్సెనిక్‌కు యాక్టివేటెడ్ అల్యూమినా లేదా ఇనుప హైడ్రాక్సైడ్ గుళికలు వాడతారు. సీసం, కాడ్మియం, నికెల్ వంటి వాటికి ఒక రకం రెజిన్, ఆరు వేలెన్సీ క్రోమియానికి మరో రకం రెజిన్ కావాలి. అన్ని లోహాలనూ ఒకే తీరుగా పట్టే గుళిక లేదు. ఏ లోహం ఉందో పరీక్ష చేయకుండా పెట్టే ఫిల్టరు, రోగం తెలుసుకోకుండా ఇచ్చే మందులాంటిది.

ఆ గుళికలకూ ఒక హద్దు ఉంది. గోనె సంచిలో పట్టినన్ని గింజలే పడతాయి. అలాగే గుళికల మీద చోటు ఉన్నంత వరకే లోహం అంటుకుంటుంది. చోటు నిండాక లోహం నీళ్లతో పాటే కిందికి దిగిపోతుంది. నీళ్లలో ఫాస్ఫేటు, సిలికా ఎక్కువగా ఉంటే అవి కూడా ఆర్సెనిక్‌తో పోటీపడి ఆ చోటును ఆక్రమిస్తాయి. దాంతో గుళికలు చెప్పిన గడువు కంటే ముందే నిండిపోతాయి.

నిండిపోయిన సంగతి కంటికి కనిపించదు. ఆర్సెనిక్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నల్లా నుంచి నిన్న వచ్చినంత తేటగానే ఇవాళా నీళ్లు వస్తాయి. లోపల విషం ఉంటుంది. క్రమం తప్పకుండా పరీక్ష చేయని ఫిల్టరు, ఫిల్టరే లేకపోవడం కంటే ప్రమాదం. లేకపోతే జనం జాగ్రత్తగా ఉంటారు. ఉంటే నమ్మి తాగుతారు.

పశ్చిమ బెంగాల్ చెప్పిన పాఠం

ఇది మా ఊహ కాదు. ఆర్సెనిక్ సమస్య తీవ్రంగా ఉన్న పశ్చిమ బెంగాల్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ పర్యవేక్షణలో ఒక ప్రాజెక్టు నడిచింది. దేశ విదేశాలకు చెందిన 11 మంది తయారీదారుల ప్లాంట్లను అక్కడ బిగించారు. వాటిలో 18 ప్లాంట్లను శాస్త్రవేత్తలు 2001 సెప్టెంబరు నుంచి 2003 ఆగస్టు వరకు రెండేళ్లపాటు పరీక్షించారు. లీటరుకు 0.01 మిల్లీగ్రాము అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులో నిలకడగా నిలబడింది ఒక్కటీ లేదు. అప్పటి మన దేశపు హద్దు 0.05 మిల్లీగ్రాములు. దాన్నయినా మొదటి నుంచి చివరి దాకా నిలబెట్టుకున్నవి రెండే.

అదే బెంగాల్‌లో బాగా పనిచేసినవీ ఉన్నాయి. శిబ్‌పూర్‌లోని ఇంజనీరింగ్ కళాశాల వారు 1997 నుంచి అల్యూమినా కాలమ్‌లను ఊరి బోరింగుల దగ్గరే బిగించారు. వాటి బాధ్యతను గ్రామస్తుల కమిటీకి అప్పగించారు. కుటుంబాలు నెలనెలా కొద్ది మొత్తం చెల్లించాయి. గుళికలను వేళకు తీసి, ఒక కేంద్రానికి చేర్చి, శుభ్రం చేసి తిరిగి నింపారు. అక్కడ ప్లాంటును నిలబెట్టింది యంత్రం ఒక్కటే కాదు. పరీక్ష, మరమ్మతు, వ్యర్థాల నిర్వహణ ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు తేడా. మన దగ్గర రిబ్బను కత్తిరించే వాళ్లకు ఈ మూడింటి ఊసే ఉండదు.

మన నల్గొండ అనుభవమూ చూడండి. ఫ్లోరైడు భార లోహం కాకపోయినా దాన్ని పట్టడానికి కూడా అల్యూమినా ఫిల్టర్లే వచ్చాయి. పటిక, సున్నం కలిపి శుద్ధి చేసే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని జిల్లా పేరే పెట్టారు. పేరు ప్రపంచమంతా తిరిగింది. నల్గొండ ప్రజల ఎముకలు మాత్రం వంగుతూనే పోయాయి. చివరికి ఊరట దొరికింది కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు వచ్చినప్పుడే.

బిందె లెక్క, పొలం లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తాగే నీళ్ల గురించి మాట్లాడేవాళ్లు పొలం నీళ్ల గురించి ఎందుకు మాట్లాడరు? లెక్క వేస్తే తెలుస్తుంది.

బోరు నీళ్లలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఆర్సెనిక్ ఉందనుకుందాం. కిలో గుళికలు ఒక గ్రాము ఆర్సెనిక్‌ను పడతాయనుకుందాం. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వండడానికి రోజుకు 25 లీటర్లు కావాలి. అంటే ఏడాదికి 9,125 లీటర్లు. అందులో ఉండే ఆర్సెనిక్ గ్రాము కంటే కాస్త తక్కువ. ఏడాదికి కిలో గుళికలు సరిపోతాయి.

మరి ఎకరం వరికి? పంట కాలంలో 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే ఎకరానికి సుమారు 48 లక్షల 50 వేల లీటర్లు అవుతుంది. అందులో ఆర్సెనిక్ 485 గ్రాములు. దాన్ని పట్టాలంటే 485 కిలోల గుళికలు కావాలి. ఒక ఎకరానికి, ఒక పంటకు, దాదాపు అర టన్ను! బోరు గంటకు 15 వేల లీటర్లు పోస్తుందనుకుంటే, ఆ నీళ్లు గుళికల మధ్య ఐదు నిమిషాలు నిలవడానికే 1,250 లీటర్లు పట్టే గుళికల ట్యాంకు ప్రతి బోరు దగ్గరా ఉండాలి. ఏ రైతు పెట్టగలడు? ఏ ప్రభుత్వం పెట్టిస్తుంది? ఎవరూ పెట్టరు. అందుకే పొలం మాట ఎత్తరు.

ఆ 485 గ్రాములు మాత్రం ఎక్కడికీ పోవు. మడిలో నీరు ఆవిరైపోతుంది, లోహంలో ఎక్కువ భాగం మట్టిలో మిగిలిపోతుంది. వచ్చే పంటకు మళ్లీ అంత వచ్చి చేరుతుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో ఆర్సెనిక్ మట్టి నుంచి విడివడి వేరుకు అందుతుంది. మడి ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గుతుంది గానీ కాడ్మియం పెరుగుతుంది. గడ్డిలోకి ఎక్కింది పశువుకు చేరుతుంది. నీళ్లకు ఫిల్టరు ఉంది. మట్టికి ఏ ఫిల్టరు పెడతారు?

అదే లోహం, రెండు ట్యాంకర్లలో

ఇదే లెక్కను ఫ్యాక్టరీ దగ్గర వేసి చూడండి. అక్కడి వ్యర్థ జలంలో లీటరుకు 50 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉంటే, మన ఎకరంలో పరుచుకున్న ఆ 485 గ్రాములు 9,700 లీటర్లలోనే ఉంటాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు నిండవు. అక్కడ ఏ లోహం వాడారో యాజమాన్యానికి ముందే తెలుసు. రసాయనాలు తెలిసిన ఉద్యోగులున్నారు, ల్యాబు ఉంది, కరెంటు ఉంది. సీసం, కాడ్మియం, నికెల్ వంటివి సున్నం కలిపితే చాలా వరకు అడుగుకు దిగుతాయి. ఆర్సెనిక్‌ను ఇనుప లవణాలు కలిపి దింపవచ్చు. మిగిలిన కాస్తను కాలమ్‌లో పట్టవచ్చు. నికెల్, క్రోమియం వంటివి తిరిగి తీసుకుని వాడుకోవచ్చు కూడా.

రెండు ట్యాంకర్లలో పట్టుకోగలిగిన విషాన్ని వాగులోకి వదిలి, 48 లక్షల లీటర్లలో కలిశాక వెతకమంటున్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడమంటే ఇదే. ఎందుకు తెస్తున్నారు? అక్కడ పట్టుకుంటే ఖర్చు యాజమాన్యానిది. ఇక్కడ వెతికితే ఖర్చు రైతుది, పంచాయతీది, ప్రభుత్వ ఖజానాది. ఫిల్టరు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఇంజనీరు తేల్చేది కాదు. డబ్బు ఎవరి జేబులోంచి పోవాలన్నదే ఇందులోని ప్రశ్న.

విషాన్ని జరిపితే పోయినట్టు కాదు

ఫిల్టరు లోహాన్ని నాశనం చేయదు. లోహం కాలిపోదు, కుళ్లిపోదు. నీళ్లలోంచి గుళికల మీదికి మారుతుంది, అంతే. నిండిన గుళికలను కాస్టిక్ సోడాతో కడిగితే ఆ లోహమంతా కడిగిన నీళ్లలోకి వస్తుంది. విష లోహాలున్న వాడేసిన రెజిన్‌ను, వాడేసిన ఫిల్టరు గుళికలను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల జాబితాలోనే చేర్చాయి. హైదరాబాదు చుట్టుపక్కల అలాంటివాటిని చేర్చడానికి దుండిగల్ దగ్గర కేంద్రం ఉంది. మరి ఊరి ప్లాంటు గుళికలను అక్కడికి చేర్చేదెవరు? ఎవరికీ అప్పగించకపోతే అవి షెడ్డు వెనక గుంతలో పడతాయి. వానకు కరిగి మళ్లీ మన బోరులోకే వస్తాయి.

జరపడాన్నే శుద్ధి అనడం మనకు కొత్త కాదు. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు పాడైంది. దాని నీళ్లు మంజీరలో కలుస్తాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పారిశ్రామికవాడ నేలల్లో క్రోమియం, సీసం, నికెల్, ఆర్సెనిక్ వంటి లోహాలు మితిమీరి ఉన్నట్టు 2001లోనే ప్రచురించారు. అందుకు పాలకులు చూపిన పరిష్కారాల్లో ఒకటి పైపులైను. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లను సుమారు 18 కిలోమీటర్ల పైపులో నగర మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి చేర్చారు. ఆ కేంద్రం కట్టింది ఇళ్ల మురుగు కోసం. సూక్ష్మజీవులతో పనిచేసే ఆ పద్ధతి లోహాన్ని మాయం చేయలేదు. కొంత బురదలో చేరుతుంది, మిగిలింది మూసీలోకి పోతుంది. మూసీ కింద వరి, పశుగ్రాసం పండించేది యాదాద్రి, నల్గొండ రైతులు. సంగారెడ్డి రైతు గొడవను నల్గొండ రైతు నెత్తిన పెట్టడం పరిష్కారమా?

చట్టంలో రైతు గడి ఖాళీ

"మేము ప్రమాణాలు పాటిస్తున్నాం" అని యాజమాన్యాలు అంటాయి. ఆ ప్రమాణాలేమిటో చూద్దాం. 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల ఆరో షెడ్యూలులో వ్యర్థ జలాల పట్టిక ఉంది. నదులు, చెరువులకు వదిలితే ఎంత, మురుగు కాలువకు వదిలితే ఎంత, సాగుకు భూమి మీద వదిలితే ఎంత అని వేర్వేరు గడులున్నాయి. ఆర్సెనిక్‌కు అన్నిట్లోనూ 0.2 మిల్లీగ్రాము. సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం దగ్గరికి వస్తే నదికి అంకె ఉంది, మురుగు కాలువకు అంకె ఉంది. సాగు గడిలో మాత్రం ఒక గీత గీసి వదిలేశారు. మురుగు కాలువకు ఉన్న విలువ కూడా మన పొలానికి లేదు.

అంకె ఉన్నచోట సంగతి ఇంకో తీరు. నదిలోకి వదిలే నీళ్లలో కాడ్మియం లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని ఆ పట్టిక చెబుతోంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాగునీటికి సూచించిన హద్దు 0.01 మిల్లీగ్రాము. అంటే 200 రెట్లు తేడా. వేసవిలో ఎండిన వాగులో ఆ నీళ్లను పలుచన చేయడానికి వేరే నీరేది? ఇక కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని తరగతులుగా విడదీసి సాగునీటిని "ఇ" తరగతిలో పెట్టింది. అందులో చూసేవి ఆమ్ల క్షార గుణం, ఉప్పుదనం, సోడియం నిష్పత్తి, బోరాన్. భార లోహాల పేరే లేదు. రైతు నీళ్లు పరీక్షకు ఇస్తే "సాగుకు పనికొస్తాయి" అన్న చీటీ ఎలా వస్తుందో ఇప్పుడు అర్థమైందా?

కోర్టులు చెప్పింది, జరిగింది

న్యాయస్థానాలు మన వైపు మాట్లాడలేదని కాదు. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ దగ్గర బిఛ్రి గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల వల్ల బావులన్నీ పాడైతే, పాడుచేసిన వాళ్లే బాగుచేసే ఖర్చంతా భరించాలని 1996 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులోనూ ఆ సూత్రాన్నే నిలబెట్టింది. అక్కడ దాదాపు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం సర్వే చెప్పిన మాట ఆ తీర్పులోనే ఉంది.

అమలు మాటేమిటి? బిఛ్రి బాగుకు లెక్కగట్టిన 37.385 కోట్ల రూపాయలను యాజమాన్యం కట్టకుండా ఏళ్ల తరబడి సాగదీసింది. 1997 నవంబరు నుంచి చక్రవడ్డీతో కట్టమని 2011లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మన పటాన్‌చెరు కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 2001లో హైకోర్టుకు మారి, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. కేసు వేసిన నాడు పొలంలో ఉన్న రైతు కొడుకు చేతికి సాగు వచ్చింది, మనవడు ఊరు విడిచి పోయాడు. ఆలస్యమైన కొద్దీ లాభపడింది పాడుచేసినవాడే.

"పరిశ్రమలు పోతాయి" అనే బెదిరింపు

ఈ మాట ఎత్తగానే ఉద్యోగాలు పోతాయంటారు. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేది మన పిల్లలే. వాళ్ల ఉద్యోగాలు ఉండాలి, మన పొలాలూ ఉండాలి. లోహాన్ని పైపు మూతి దగ్గర పట్టడం పరిశ్రమ నడవడంలో భాగమే. ముడిసరుకుకు, కరెంటుకు డబ్బు కట్టినట్టే దానికీ కట్టాలి. మన నీళ్లు ఊరికే పాడుచేస్తే తప్ప లాభం రాదనే ఫ్యాక్టరీ, రైతు ఇచ్చే సబ్సిడీ మీద బతుకుతున్నట్టే.

చిన్న యూనిట్లకు స్తోమత లేదంటారు. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చింది అందుకే. కానీ అందరి నీళ్లూ కలిసిపోయాక లోహాన్ని వేరుచేయడం కష్టం. అందుకే లోహం వాడే ప్రతి యూనిట్ తన గేటు దాటక ముందే దాన్ని తీసేయాలి.

మన డిమాండ్లు

1. భార లోహాలు వాడే ప్రతి పరిశ్రమ తన ఆవరణలోనే వాటిని తొలగించాలి. పైపు మూతి దగ్గర తీసిన నమూనాల ఫలితాలను ప్రతి నెలా గ్రామ పంచాయతీలో తెలుగులో అంటించాలి.

2. ఆరో షెడ్యూలులో సాగు గడిలోని గీతలు తీసేసి అంకెలు రాయాలి. సాగునీటి తరగతిలో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, పాదరసం చేర్చాలి.

3. ఇప్పటికే పాడైన ఊళ్లకు శుభ్రమైన నదీజలాలు పైపుల ద్వారా ఇవ్వాలి. అవి వచ్చేదాకా ఫిల్టర్లు పెట్టాలి. వాటి పరీక్ష, గుళికల మార్పిడి, వ్యర్థాల తరలింపు ఖర్చు పాడుచేసిన పరిశ్రమే భరించాలి. అజమాయిషీ గ్రామస్తుల కమిటీకి ఉండాలి.

4. పాడైన భూములను సర్వే నంబర్లవారీగా గుర్తించి, భూమి బాగుపడేదాకా ఏటా పంట నష్టం చెల్లించాలి. ఒక్కసారి చిల్లర విదిల్చి సంతకం పెట్టించుకుంటే చెల్లదు.

సంఘ సభ్యులు చేయాల్సింది

డిమాండ్లు కాగితం మీద ఉంటే పని కాదు. ప్రతి గ్రామ శాఖ ఈ నెలలోనే కొన్ని పనులు మొదలుపెట్టాలి. వాగు పక్కనున్న బోర్ల జాబితా రాయండి: సర్వే నంబరు, లోతు, నీళ్లు మారిన సంవత్సరం. పరీక్షకు ఇచ్చేటప్పుడు "నీటి పరీక్ష" అని అడిగితే లోహాలు చూడరు. ఏ లోహాలు చూడాలో పేరుపేరునా రాసి ఇవ్వండి. లోహ పరీక్షకు ఆమ్లం వేసిన ప్రత్యేకమైన సీసా కావాలి, అది ల్యాబు నుంచే తీసుకోండి.

1974 నీటి చట్టం 25వ సెక్షన్ ప్రకారం, ఏ ఫ్యాక్టరీకి ఏ షరతులతో అనుమతి ఇచ్చారో కాలుష్య నియంత్రణ మండలి రిజిస్టరులో రాసి ఉంచాలి. ఆ పైపు వల్ల నష్టపోయే ఎవరైనా వెళ్లి దాన్ని చూడవచ్చు. పదిమంది కలిసి వెళ్లండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నష్టపరిహారం కోసం హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి చట్టం పెట్టిన గడువు, నష్టానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఐదేళ్లు. కాబట్టి తేదీలు రాసిపెట్టుకోవడం మరవొద్దు.

ఈసారి మీ ఊళ్లో ఫిల్టరు ప్లాంటు ప్రారంభోత్సవానికి పెద్దలు వస్తే మర్యాదగానే కూర్చోబెట్టండి. మంచినీళ్లు ఇవ్వండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఈ గుళికలు ఎప్పుడు నిండుతాయి? నిండినవాటిని ఎక్కడికి తీసుకుపోతారు? ఇలాంటి ఫిల్టరు మీ ఫ్యాక్టరీ పైపు మూతి దగ్గర ఎప్పుడు పెడతారు? మూడో ప్రశ్నకు తేదీతో సహా జవాబు రాసి ఇచ్చేదాకా రిబ్బను కత్తిరించనివ్వకండి.